తిట్టినవాడికి మూడు, దండం పెట్టినవాడికి ఒకటి వేశాను. తప్పు నాదేనా?

నిదానం (ప్రశ్న)

నాలుగు నెలలుగా ఇంటి నుంచే ఒక పని చేస్తున్నాను. రాజకీయాల మీద, కోర్టు తీర్పుల మీద జనం ఆన్‌లైన్‌లో రాసే కామెంట్లు చదివి, ఒక్కోదానిలో సభ్యత ఎంత ఉందో 1 నుంచి 5 దాకా మార్కు వేయాలి. 1 అంటే దారుణం, 5 అంటే ఏ వంకా లేదు. 3 గానీ ఆ పైన గానీ వేస్తే 'సభ్యంగా ఉంది' ఖాతాలోకి, 3 కన్నా తక్కువైతే 'లేదు' ఖాతాలోకి వెళ్తుంది. రోజుకు రెండు వందల కామెంట్లు. అవే కామెంట్లను ఇంకొకావిడ కూడా విడిగా చూస్తారు. మా మార్కులు ఎంతవరకు కలిశాయో వారానికోసారి చెప్తారు.

పోయిన వారం వంద కామెంట్లు తీసి రిపోర్టు పంపారు. 76 కలిశాయి, 24 కలవలేదు. ఇద్దరమూ వందలో 80 కామెంట్లు సభ్యంగానే ఉన్నాయన్నాం, కానీ అవే 80 కాదు. "ఫర్వాలేదు గానీ ఇంకాస్త జాగ్రత్తగా చూడండి" అన్నారు పైవాళ్లు. ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పలేదు. మాకిచ్చిన గైడ్‌లైన్స్ పేజీన్నర. అందులో "గౌరవప్రదమైన భాష" అన్నమాట ఆరుసార్లు ఉంది. అంటే ఏమిటో ఒక్కచోటా లేదు.

గొడవ ఈ రెండిటి దగ్గర మొదలైంది. (గుర్తు పట్టకుండా మాటలు కొంచెం మార్చాను.)

మొదటిది: "సిగ్గుండాలి. ఆర్డర్ చదవకుండా కూర్చుని వాగుతున్నావు. బెయిల్ ఇచ్చారంటే కేసు కొట్టేసినట్టు కాదురా నాయనా, విచారణ ఇంకా మొదలే కాలేదు. చివరి పేరా చదువు ముందు."

రెండోది: "జడ్జి గారికి పాదాభివందనం. ఇంత చక్కటి తీర్పు రాయడానికి ఎంత శ్రమ పడ్డారో, ఎవరి కోసం పడ్డారో! వారి పిల్లల భవిష్యత్తు బంగారంలా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను."

మొదటిదానికి నేను 3 వేశాను. తిట్టాడు, నిజమే. కానీ చెప్పిన విషయం కరెక్టు, ఎక్కడ చూడాలో కూడా చెప్పాడు. రెండోదానికి 1 వేశాను, ఎందుకంటే లంచం తిన్నాడని దండం పెట్టి మరీ చెప్తున్నాడు. ఆవిడ సరిగ్గా తలకిందులు: మొదటిదానికి 1, రెండోదానికి 5. అడిగితే "రెండోదాంట్లో ఒక్క చెడ్డమాట చూపించండి" అన్నారు. చూపించలేకపోయాను.

నా అసలు భయం మాత్రం వేరే. నేను వేసిన పాత మార్కుల్లోంచి ముప్పై రాజకీయ కామెంట్లు ఒక షీట్‌లోకి తెచ్చుకుని, పార్టీల పేర్లూ నాయకుల పేర్లూ అటుదిటు, ఇటుదటు మార్చేశాను. నాలుగు రోజులాగి మళ్లీ మార్కులేశాను. నాలుగింటిలో తేడా వచ్చింది, నాలుగూ నాకు నచ్చని పార్టీని తిట్టినప్పుడు పెరిగాయి. వాటిలో ఒకటి: "ఈ మనిషికి బుర్ర ఉండాల్సిన చోట జెండా ఉంది." మొదట ఇది నేను ఓటేసే పార్టీ నాయకుడి గురించి. అప్పుడు 2 వేశాను, వ్యక్తిగత దూషణ అని నోట్ కూడా రాశాను. పేరు మార్చాక చదివితే నవ్వొచ్చింది. నవ్వుతూనే 4 కొట్టాను.

ఈ పని చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ఏకవచనానికి మార్కు తగ్గిస్తారా? వెటకారాన్ని ఏం చేస్తారు? ఆ జెండా సంగతి ఏం చేయాలి?

రాత్రిషిఫ్టు

ఆరేళ్లు ఒక వార్తల సైట్‌లో కామెంట్లు చూశానండి, అదీ రాత్రిపూట. కాబట్టి ఏ సరుకు చదివి ఉంటానో మీరే ఊహించుకోండి. జెండాకి నవ్వొచ్చిందని నలుగురిలో రాశారు చూడండి, అలా తమ నవ్వును తాము పట్టుకున్నవాళ్లని మా టీమ్‌లో ఒకరిద్దరిని మించి చూడలేదు. కంగారు పడకండి.

'ఇది సభ్యంగా ఉందా' అని ఒకే ప్రశ్న వేసుకుంటే మనసు ఎటు మొగ్గితే జవాబు అటే వస్తుంది. ప్రశ్నను ముక్కలు చేయాలి. 2014లో కో, కెన్‌స్కీ, రెయిన్స్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఒక దినపత్రిక వెబ్‌సైట్ కింద వచ్చిన ఆరు వేల పైచిలుకు కామెంట్లను ఇలాగే లేబుల్ చేశారు. వాళ్లు వెతికినవి ఐదు. మనిషిని పట్టుకుని వెధవ, దద్దమ్మ అనడం. ఒక ఆలోచననో పథకాన్నో చీదరించి పారేయడం. అబద్ధాలకోరు అనడం. బూతు. ఎదుటివాడు మాట్లాడటాన్నే 'మొరుగుడు', 'ఏడుపు' అనడం. ప్రతి ఐదు కామెంట్లలో ఒకటికి పైగా వీటిలో ఏదో ఒకటి దొరికింది. అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది మొదటిది, పేర్లు పెట్టి తిట్టడం.

మీ బెయిల్ కామెంట్‌లో 'వాగుతున్నావు' ఐదోదాని కిందికి వస్తుంది. టిక్కు పెట్టాల్సిందే, విషయం కరెక్టయినా సరే. అది కరెక్టని మీకు తెలిసింది కాబట్టి 3 వేశారు, తెలియకపోతే వేసేవారా? నిజం చెప్పడం వేరే గడి, అది మీరు నింపాల్సింది కాదు.

పాదాభివందనం మాత్రం ఈ ఐదింటి వలలో దేనికీ చిక్కదు. అలాంటివాటి కోసమే నేను ఆరోది కలుపుకున్నాను: ఆధారం చూపకుండా ఉద్దేశం అంటగట్టడం.

ఏకవచనం గురించి. మన భాషలో ఇది పెద్ద తద్దినం. 'వాడు' అని అభిమానంతో అంటాం, 'వారు' అని ఒళ్లు మండి అంటాం. నేను ఒక్కటే చూసేవాణ్ణి. అదే కామెంట్‌లో తనవాళ్లని 'ఆయన' అని, అవతలివాళ్లని 'వాడు' అన్నాడా? అయితే ఆ 'వాడు'లో బరువుంది. అందరినీ 'వాడు' అంటే అది అతని మాటతీరు, వదిలేయొచ్చు.

ఇంకోటి, వరుస. పది బూతులు చదివాక పదకొండోవాడు "ఏం మనిషివయ్యా నువ్వు" అంటే అతను మనకు సాధుజీవిలా కనిపిస్తాడు. రెండోసారి చూసేటప్పుడు షీట్ కింది నుంచి పైకి చూడండి.

లెక్కలమాస్టారు

76 శాతం కలిసిందని సంతోషపడకండి. ఇద్దరూ వందలో 80కి 'ఉంది' అంటున్నారు కదా. కళ్లు మూసుకుని ఆ నిష్పత్తిలో టిక్కులు పెట్టినా 68 కలుస్తాయి (0.8 × 0.8, దానికి 0.2 × 0.2 కలపండి). అంటే కామెంట్లు చదివినందువల్ల మీకు అదనంగా వచ్చింది 8. రావడానికి అవకాశం ఉన్నది 32. 8ని 32తో భాగిస్తే 0.25. దీన్ని కప్పా అంటారు, జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన లెక్క. 1 అయితే పూర్తిగా కలిసినట్టు, 0 అయితే గుడ్డి టిక్కులతో సమానం.

ఇంకా సూటిగా: ఆవిడ సభ్యంగా లేవన్నవి 20, మీరు లేవన్నవి 20. రెండు లిస్టుల్లోనూ ఉన్నవి 8 మాత్రమే. షీట్ తీసి చూసుకోండి.

నిదానం

చూశాను. ఎనిమిదే. ఎనిమిదీ పచ్చి బూతులు. అంటే బూతు దగ్గర తప్ప మేమిద్దరం ఎక్కడా కలవలేదన్నమాట.

పాతప్లీడర్

అమ్మా, మీ బాధ మీ ఒక్కరిదే కాదు. చట్టం చదువుకున్నవాళ్లే ఈ మార్కు వేయలేక తన్నుకున్నారు.

ఇంగ్లండులో ఒకాయన రెండేళ్లపాటు తన ఎంపీ ఆఫీసుకు ఫోన్లు చేసి, వలస వచ్చినవాళ్ల గురించి జాతి తిట్లు తిట్టాడు. అవి "తీవ్రంగా నొప్పించే" మాటలా అన్నది ప్రశ్న. కింది కోర్టు కాదంది. అప్పీల్లో కూడా కాదన్నారు. 2006లో, అప్పట్లో అక్కడి అన్నిటికన్నా పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ అవునంది. అదే దేశంలో 2010లో ఒక కుర్రాడు, మంచుకు ఎయిర్‌పోర్టు మూతపడితే, వారం పైచిలుకులో తెరవకపోతే పేల్చేస్తానని ట్విట్టర్‌లో ఉడుక్కున్నాడు. కింది కోర్టు శిక్ష వేసింది, పై కోర్టు ఒకటి దాన్ని సమర్థించింది, 2012లో హైకోర్టు కొట్టేసింది. మాటలు అవే, చదివినవాళ్లు మారారు, అంతే.

మన సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఐటీ చట్టంలో, ఆన్‌లైన్‌లో నొప్పించే మాటలు పంపితే జైలు అన్న 66ఎ సెక్షన్‌ని కొట్టేసినప్పుడు ఈ రెండు కేసుల్నీ ముందు పెట్టుకుంది. న్యాయశిక్షణ ఉన్న బుర్రలే ఒకే విషయం మీద పూర్తిగా వ్యతిరేక నిర్ణయాలకు వస్తుంటే, మామూలు మనిషి తన మాట గీత దాటిందో లేదో ఎలా తెలుసుకుంటాడన్నది అక్కడి తర్కం. ఆ సెక్షన్‌లో 'చికాకు', 'అసౌకర్యం' అన్న మాటలు కూడా ఉండేవి. మీ పేజీన్నరలోని 'గౌరవప్రదమైన' దాని చుట్టమే. తేడా ఏమిటంటే మీ మార్కుకి ఎవరూ జైలుకి పోరు, కాబట్టి మీరు కాస్త నిబ్బరంగా పని చేసుకోవచ్చు.

కోర్టు కామెంట్లకు నేనైతే మూడు మెట్లు పెడతాను. "ఈ తీర్పు తప్పు, ఫలానా సెక్షన్ చూడలేదు" అంటే ఎంత గట్టిగా అరిచినా అది విమర్శ. "ఈ జడ్జికి చట్టం రాదు" అంటే మనిషి మీదికి పోయాడు, కానీ తీర్పు చదివి కాదో అవునో తేల్చుకోవచ్చు. "ఎవరి కోసం శ్రమ పడ్డారో" అంటే తేల్చుకునే దారే లేదు. పైగా రాజకీయ నాయకుడైతే సాయంత్రానికి మైకు పట్టుకుని నాలుగు తిరిగి అంటాడు. జడ్జి వచ్చి కామెంట్ కింద జవాబు చెప్పుకోలేడు కదా. అందుకని మీ 1 నాకు సబబుగానే తోస్తోంది. బెయిల్ కుర్రాడికి 2 వేస్తాను. ఆ 'నాయనా' అన్నందుకు మూడు వేయాలనిపిస్తుంది గానీ.

గోడమీదరాత

అందరూ మార్కులెలా వేయాలో చెప్తున్నారు. అసలు ఎందుకు వేయాలో ఎవరూ అడగరేం?

ఒకసారి నా కామెంట్ తీసేశారు. భూసేకరణ మీద చర్చ. "మా అమ్మ సంతకం ఫోర్జరీ చేసి భూమి లాక్కున్న దొంగల్ని గారు అనాలా?" అని రాశాను. 'అసభ్య భాష' అని నోటీసు. దానికింద ఒకాయన "అభివృద్ధికి అడ్డుపడే నిరక్షరాస్యుల మాటలకు అంత విలువ అవసరమా అండీ" అని రాశాడు. అది నెలల తరబడి అక్కడే ఉంది. అండీ అన్నాడుగా.

దెబ్బ తిన్నవాడికి గొంతు లేస్తుంది. కొట్టినవాడు మెల్లగా మాట్లాడగలడు. గొంతుకి మార్కులేస్తే ప్రతిసారీ ఎవరు గెలుస్తారు?

పైగా మీ మార్కులు మీ దగ్గర ఆగవు. మెషిన్‌కి నేర్పడానికే కదా ఇదంతా. గూగుల్ కిందున్న జిగ్‌సా సంస్థ 2017లో పర్‌స్పెక్టివ్ అని ఒకటి వదిలింది, కామెంట్ ఇస్తే అది చదివేవాళ్లను ఇబ్బంది పెట్టేలా ఉందా అని 0 నుంచి 1 దాకా స్కోరు ఇచ్చేది. మొదట్లో దానికి 'నేను గే' (స్వలింగ సంపర్కుణ్ణి) లాంటి మామూలు వాక్యం ఇచ్చినా స్కోరు ఎక్కువ వచ్చేది. ఎందుకు? అది నేర్చుకున్న కామెంట్లలో ఆ మాట ఎక్కువగా తిట్లలోనే కనిపించింది కాబట్టి. తిట్టు తిన్నవాడి పేరే తిట్టయిపోయింది. తర్వాత సరిచేసే పని పెట్టుకున్నారు, అది వేరే కథ.

రాత్రిషిఫ్టు

గోడమీదరాత గారూ, మీ కామెంట్ తీసేసింది నేను కాకూడదని కోరుకుంటున్నాను. అలాంటివి తీసేసిన రోజులు నాకూ ఉన్నాయి.

మీరన్నదాన్నే 2004లో పాపాచరిసి అనే కమ్యూనికేషన్ పరిశోధకురాలు వేరే దారిలో చెప్పింది. మర్యాద తప్పడం ఒకటి, సభ్యత తప్పడం ఒకటి అంటుంది. కోపంలో మాట తూలితే మర్యాద తప్పినట్టు. ఎదుటివాళ్ల హక్కుని కాదన్నా, ఒక గుంపునంతా ఒకే గాటన కట్టినా, ప్రజాస్వామ్యం మీదే దెబ్బ వేసినా అది అసలైన సభ్యత లోపం, ఎంత తియ్యగా చెప్పినా. ఆ లెక్కన మీ 'దొంగలు' మొదటి రకం. ఆ అండీ గారిది రెండో రకం.

మెషిన్ స్కోరు గురించి చిన్న మాట. 0.9 అంటే అది చాలా ఘోరమని కాదు. చదివేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాన్ని ఇబ్బందికరం అనుకోవచ్చని దాని ఉద్దేశం. చాలామంది దాన్ని ఘోరం కొలిచే థర్మామీటర్ అనుకుంటారు.

పాతప్లీడర్

మాటకు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 'సభ్యత' అన్నది సభలోంచి పుట్టింది. సభ్యుడంటే సభలో కూర్చోదగినవాడు. 'మర్యాద'కు పాత అర్థం హద్దు, గట్టు. ఇప్పుడు రెండూ కలిపి వాడేస్తున్నాం. కానీ ఒకణ్ణి సభలోంచి లేచిపొమ్మనడం, సభలో గట్టిగా అరవడం ఒకటి కాదు గదా!

నిదానం

పది రోజులకు వచ్చాను, సారీ. ఈ థ్రెడ్ అంతా ఆవిడకి పంపి, ఒక సాయంత్రం ఫోన్‌లో కూర్చున్నాం. కలవని 24 కామెంట్లు ఒక్కొక్కటీ గట్టిగా చదువుకున్నాం. పైకి చదివితే వెటకారం కంటితో చదివినప్పటికన్నా ముందే తెలిసిపోతోంది, ఇది ఎవరైనా ప్రయత్నించండి.

24లో తొమ్మిది ఏకవచనం తగాదాలే. ఆవిడ ప్రతి 'వాడు'కీ మార్కు కోశారట. చిన్నప్పుడు ఇంట్లో పనిమనిషిని కూడా మీరు అనాలని పెంచారని, తన చెవికి అది కొట్టినట్టే ఉంటుందని చెప్పారు. నేనేమో అక్కాతమ్ముళ్లం ఒసే, ఒరే అనుకునే ఇంట్లోంచి వచ్చాను. ఇద్దరం మా మా ఇళ్లను తెచ్చి కామెంట్ల మీద రుద్దుతున్నామని అప్పుడు తెలిసింది. రాత్రిషిఫ్టు గారి పద్ధతి పెట్టుకున్నాం, తొమ్మిదిలో ఏడు తేలిపోయాయి.

ఏడు, 'గారు' తగిలించిన వెటకారాలు. పాదాభివందనం చదువుతుంటే "వారి పిల్లల భవిష్యత్తు" దగ్గర ఆవిడ ఆగిపోయారు. రెండు క్షణాలు ఏం మాట్లాడలేదు. "అయ్యో, ఇందులో పిల్లలెందుకండీ" అన్నారు. 5 కాస్తా 1 అయింది. బెయిల్ కామెంట్‌కి నేను 2కి దిగాను, ఆవిడ 2కి ఎక్కారు.

ఐదు మాత్రం నా సొంత తప్పులు. జెండా లాంటివే. అవి ఆవిడకి చెప్పడానికి ముందు కొంచెం నసిగాను. ఇప్పుడు పార్టీ పేర్ల స్థానంలో 'క', 'చ' అని పెట్టి షీట్ తెరుస్తున్నాను. జాగ్రత్తగా చదివితే ఏ పార్టీయో తెలిసిపోతుంది, అయినా ఆ మొదటి నవ్వు రావడం కాస్త ఆలస్యమవుతోంది.

ఇంకో కామెంట్ ఉంది, మేమిద్దరం కలిసి 5 వేసినది. కలిసింది కాబట్టి ఎవరూ అడగలేదు: "చదువు లేనివాళ్లకు ఓటు హక్కు తీసేస్తే దేశం బాగుపడుతుందని నా అభిప్రాయం. ఎవరినీ నొప్పించాలని కాదు, తప్పయితే క్షమించండి." గోడమీదరాత గారి పోస్టు చదివాక దీన్ని వెతికి తీశాను. ఎంత లేదన్నా 2 అంటాను నేను. ఆవిడ 1 అన్నారు. వాళ్లమ్మకి సంతకం పెట్టడం రాదట.

పైవాళ్లకి రెండు గడులు అడుగుతూ రాశాం, మర్యాదకి ఒకటి, సభ్యతకి ఒకటి. ఇంకా జవాబు లేదు. ఏ కామెంట్‌కి రిప్లైగా రాశారో ఆ పై కామెంట్ కూడా షీట్‌లో చూపించమని అడిగాం. అది మాత్రం ఇచ్చారు.

అది ఇచ్చాకే ఇది ఎదురైంది. మిగిలిన మూడింటిలో ఒకటి. "చట్టం తన పని తాను చేసుకుపోతుంది." అంతే, చివర రెండు నవ్వు ముఖాలు. అందరూ అరిగేదాకా వాడిన మాటే కదా అని మొదట్లో నేను 3 వేశాను, ఆవిడ ఆ నవ్వులు చూసి 2 వేశారు. పై కామెంట్ చూస్తే, ఒక పోస్టు పెట్టినందుకు అరెస్టయిన కుర్రాడి అక్క రాసింది: "మూడు రోజులైంది, మా తమ్ముణ్ణి ఎక్కడ ఉంచారో ఎవరైనా చెప్పండి."

నేను 1 చేశాను. ఆవిడ అటునుంచి 3కి వచ్చేశారు. అతను నిజంగానే ధైర్యం చెప్పబోయాడేమో, కొందరు పెద్దవాళ్లు ప్రతిదానికీ నవ్వు ముఖాలు పెడతారు, మా మామయ్య సంతాపానికి కూడా అవే పెడతాడు అన్నారు. దాదాపు అరగంట మాట్లాడుకున్నాం. ఆ వరుసలో మార్కు వేయకుండా, పక్కన 'కలవలేదు' అని రాసి పంపేశాం.